పదును కుడిచేతిది, పని ఎడమచేతిది

రాజమండ్రిలో మంగళవారం పొద్దున్న. ఊళ్లో సెలూన్లన్నీ మూత. దానవాయిపేటలో ఓ సందు చివర కొట్టు షట్టరు మాత్రం సగం లేచి ఉంది. మీరు వంగి లోపలికి దూరారు.

ట్యూబులైటు ఒక్కటే వెలుగుతోంది. ఎదురెదురుగా రెండు అద్దాలు, మధ్యలో రెండు తిరుగుడు కుర్చీలు, గోడమీద దండ వేసిన పాత ఫొటోలో డోలు భుజాన తగిలించుకున్న ఓ సన్నటి మనిషి. నిన్నటి పౌడరు, డెట్టాలు కలిసిన వాసన ఇంకా పోలేదు. డెబ్బై దాటిన పెద్దాయన బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. చిన్నప్పుడు కుర్చీ చేతుల మీద చెక్క వేసి, దాని మీద మిమ్మల్ని ఎక్కించి క్రాపు చేసింది ఈయనే.

“రండి బాబూ. ఆ కుర్చీలో మాత్రం కూర్చోకండి. ఇయ్యాళ మంగళారం.”

వేళాకోళం అనుకుని నవ్వబోయి ఆగారు మీరు. ఆయన మొహంలో వేళాకోళం లేదు. ఈ కొట్టు తెరిచిన నాటినుంచీ మంగళవారం ఎవరి గడ్డం మీదా కత్తి పడలేదట. నేర్చుకోవడానికి వచ్చినవాడికైనా అదే కట్టుబాటు. గడ్డం సంగతి రేపు. ఇవాళ కత్తి సంగతి.

సంచిలోంచి కొత్త కత్తి పెట్టె తీసి ఇచ్చారు మీరు. ఆయన లుంగీకి చేతులు తుడుచుకుని మూత తెరిచారు. కత్తిని పిడిలోంచి విప్పే తీరు చూడండి: అంచు దగ్గర వేలు పెట్టలేదు. మెడ పట్టుకుని, బొటనవేలితో తోకని నొక్కారు. కత్తి దానంతటదే లేచి తెరుచుకుంది. లైటు కింద అటూ ఇటూ తిప్పారు. పలక రెండువైపులా లోపలికి గుల్లగా తొలిచి ఉంది. వీపు దగ్గర మందం, వాదర దగ్గర కాగితం కన్నా పలచన. గోరు ఆనించి మీటితే సన్నగా మోగింది.

“జర్మనీ సరుకు” అన్నారు, మెడ మీద చెక్కిన అక్షరాల మీద వేలు రాస్తూ. సోలింగెన్ అని ఉంది అక్కడ. ఆ పేరు కత్తి మీద వేసుకోవాలంటే ఆ ఊళ్లో తయారై ఉండాలి. జర్మనీలో 1938 నుంచీ దానికి చట్టమే ఉంది. ఆయన సొరుగు లాగి తన సొంతవి మూడు కత్తులు బయట పెట్టారు. రెండు సోలింగెన్‌వే. మూడోది షెఫీల్డుది, ఆయన నాన్నగారిది, కొమ్ము పిడి పగిలితే ఇత్తడి తీగ చుట్టి ఉంది. పద్దెనిమిదో శతాబ్దం నడుమ బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల మనిషి మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాక, మంచి క్షురకత్తి అంటే షెఫీల్డే అన్న పేరు వచ్చింది ఆ ఊరికి. ఆ ఊరివాళ్లు, సోలింగెన్‌వాళ్లు ఒకప్పుడు రోజుకొకటి చొప్పున ఏడు కత్తులున్న పెట్టెలు అమ్మేవారు. ఒక్కో కత్తి వీపు మీద ఒక్కో వారం పేరు. ఆ మాట చెబితే పెద్దాయన ఓ క్షణం ఆలోచించారు.

“అయితే మనకి ఆరు చాలు.”

మీ కత్తి వెడల్పు అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు. కొత్తవాళ్లకి సరిపోయే కొలత. కొస గుండ్రంగా ఉన్నదే కొన్నారు. మొనదేలిన కొస అయితే మొదటిరోజే చెవితమ్మె మీద సంతకం పెడుతుంది. ఇంతవరకూ ఆయనకి నచ్చింది. తర్వాత తలలోంచి ఓ తెల్లవెంట్రుక పీకి, ఒక కొస పట్టుకుని, రెండో కొసని వాదర మీదకి మెల్లిగా దించారు. తెగాలి. తెగలేదు. వంగి పక్కకి జారింది.

“పెట్టెలో వచ్చిన పదును అమ్ముకోడానికి బాబూ, మొహానికి కాదు.”

సానరాయి నల్లటిది, ఇటుకకన్నా కాస్త చిన్నది. అరిగి గుంటపడితే కత్తిని పాడుచేస్తుందని ఏడాదికోసారి గరుకు రాతి మీద రుద్ది సమం చేసుకుంటారు. నీళ్లు చల్లి కత్తిని దానిమీద పడుకోబెట్టారు. చూడండి, వీపు కూడా రాతికి ఆనింది, వాదర కూడా ఆనింది. ఈ కత్తిలో తెలివంతా అక్కడుంది. వీపు మందానికీ పలక వెడల్పుకీ ఉన్న లెక్క వల్ల అంచు కోణం 16, 17 డిగ్రీల దగ్గర తనంతట తానే నిలుస్తుంది. కూరగాయల కత్తి నూరేటప్పుడు కోణం చేత్తో పట్టుకోవాలి. ఇక్కడ చెయ్యి చెయ్యాల్సిందల్లా కత్తిని లేవనీయకపోవడమే.

రాతి మీద కత్తి వాదర ముందుగా వెళుతుంది. అటు చివర వీపు మీద దొర్లి, మళ్లీ వాదర ముందుగా ఇటు వస్తుంది. నొక్కుడు లేదు. కత్తి బరువే నొక్కుడు. మొదట్లో గరగరమన్న చప్పుడు పోనుపోను సన్నబడింది. ఆయన కళ్లు రాతి మీద లేవు. వీధిలో పోతున్న ఆటో వంక చూస్తున్నారు. చెవి మాత్రం ఇక్కడే ఉంది. చప్పుడు మారినప్పుడల్లా నీళ్లు చల్లుతున్నారు. వాదర ముందు పాకే నీటి గీత అంచు పొడవునా ఒకేలా ఉంటే కత్తి సమంగా ఆనుతోందని లెక్క.

మళ్లీ వెంట్రుక. ఈసారి రెండు ముక్కలు. కింది ముక్క ఎప్పుడు పడిందో కూడా మీకు కనబడలేదు.

ఇప్పుడు మీ వంతు. రాయి కాదు, అది మీకు ఇవ్వరు. అద్దం పక్క మేకుకి వేలాడుతున్న తోలు పట్టీ. కింది కొసని ఎడమచేత్తో పట్టుకుని బిగించి లాగండి. సడలితే తోలు వంగుతుంది, వంగిన తోలు వాదరని గుండ్రం చేస్తుంది. కత్తిని పడుకోబెట్టండి. ఇక్కడ నియమం తిరగబడుతుంది: తోలు మీద వీపు ముందు నడవాలి, వాదర వెనక రావాలి. రాతి మీద వెళ్లినట్టు వెళ్లారా, పట్టీ తెగింది. పట్టీ మీద నెలవంక గాట్లు ఉన్నాయి చూడండి, ఒక్కోటీ ఒక్కో శిష్యుడిది.

వీపు ముందు, చివరిదాకా. ఆగి, కత్తిని వీపు మీదే దొర్లించి, వెనక్కి. ముందు దొర్లించాలి, తర్వాతే కదలాలి. మీరు రెండూ ఒకేసారి చేస్తున్నారు. “పందెం ఉందా?” అన్నారాయన. వేగం తగ్గించారు. మణికట్టు తిప్పకుండా, పిడిమెడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెన్నులా దొర్లించడం వచ్చాక చప్పుడు కుదిరింది. టప్, సర్‌ర్, టప్, సర్‌ర్. నలభై యాభై సార్లు. గడ్డం గీసే ప్రతిసారీ ముందు ఇది ఉండాల్సిందే. రాయి ఎప్పుడో కొన్ని నెలలకి ఓసారి.

ఆయనకైతే పట్టీ కూడా అక్కర్లేదు. అరచేతిలోనే అటో మడతా ఇటో మడతా వేసేస్తారు. అది మీరు ప్రయత్నించకండి.

ఉక్కు వెంట్రుకకన్నా దాదాపు 50 రెట్లు గట్టిది. మరి గడ్డానికి ఉక్కు మొద్దుబారడం ఏమిటి? అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఓ పరిశోధక విద్యార్థి, జాన్‌లూకా రోషోలి, తన గడ్డం తనే గీసుకుని, బ్లేడుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. అరుగుదల కన్నా ఎక్కువగా కనిపించినవి అంచులో చిన్నచిన్న పెచ్చులు. వెంట్రుక వంగి, అంచుకి ఏటవాలుగా తగిలినచోట, ఉక్కు లోపలి అల్లికలో తేడా ఉన్నచోట పెచ్చు లేస్తోంది. 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిందీ సంగతి. పెద్దాయనకి చెబితే ఆశ్చర్యపోలేదు. “అందుకేగా వేణ్ణీళ్లు” అన్నారు. నానిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది, వంగి ఎదురు తిరగదు.

తర్వాత బుడగ. పిల్లల పుట్టినరోజు బుడగ ఊది, దానికి నురగ పట్టించి మీ చేతిలో పెట్టారు. ఈ కొట్టులో పనికి చేరిన ప్రతి కుర్రాడూ మొదట గీసింది దీన్నే. గీయండి. భయపడుతూ ఆనించారు, నురగ వచ్చింది, బుడగ ఉంది. కొస కాస్త దిగితే? ఢామ్మంది. మొహమంతా నురగ. రెండో బుడగ పూర్తిగా నున్నగా వచ్చింది. మీ మొహంలో గర్వం కనబడ్డట్టుంది ఆయనకి.

“బుడగ చర్మం దానంతటదే బిగిసి ఉంటది బాబూ. మీ చెంప ఉండదు. అది రేపు తెలుస్తది.”

షట్టరు దించేముందు ఫొటోలోని మనిషి సంగతి చెప్పారు. నాన్నగారు ఇల్లిల్లూ తిరిగి అరుగుల మీద గడ్డాలు చేసేవారు. చంకలో అడపం, అందులో రెండు కత్తులు, రాయి, గిన్నె, చిన్న అద్దం. ఇచ్చేది డబ్బు కాదు. కోతలప్పుడు కళ్లంలో మేర, అంటే కొలిచి ఇచ్చే ధాన్యం. పెళ్లిళ్లకి డోలు. ఎవరికైనా గడ్డ లేస్తే చీరి కట్టు కట్టడం కూడా ఆయన పనే. ఆ మనిషి ఇంట్లోవాళ్లు పురుళ్లు పోసేవాళ్లు. ఊరికి ఇంత చేసినవాళ్లని ఊరు ఏ గుమ్మం దగ్గర నిలబెట్టిందో ఆయన చెప్పలేదు, మీరూ అడగలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే.

ఇక అలాంటి కత్తులు సొరుగులోకి ఎలా చేరాయో చూడండి. అమెరికాలో జిల్లెట్ కంపెనీ పారేసే బ్లేళ్లు అమ్మడం మొదలెట్టిన 1903లో మొత్తం అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేళ్లు. ఆ తర్వాత సంగతి తెలిసిందే, ఇంటింటా గడ్డం ఎవరిది వాళ్లదైంది. సెలూన్లలో మాత్రం పాత కత్తి చాలాకాలం నిలిచింది. 1986లో మద్రాసులో తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఒక గడ్డానికి వాడిన కత్తి ఇంకో గడ్డానికి వాడొద్దన్న మాట ఊరూరా పాకింది. ఈయన కూడా తన కత్తులు సొరుగులో పెట్టి, బ్లేడు సగానికి విరిచి బిగించుకునే కత్తి పట్టారు. ఆ మార్పు మంచిదే. దానితో పాటు నూరడం వచ్చిన చేతులు తగ్గిపోయాయి. ఆయన కొడుక్కి సానరాయి పట్టడం రాదు. అవసరం పడలేదు.

బుధవారం. గిరాకీ రాకముందే, ఇంకా చీకటి ఉండగానే వచ్చారు మీరు. ఈసారి కుర్చీ మీదే.

వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మొహం మీద పడింది. ముక్కు ఒక్కటే బయట. ఆవిరి చెంపల్లోకి దిగుతున్నంతసేపూ ఆయన పట్టీ మీద టప్, సర్‌ర్ వినిపిస్తోంది. తువ్వాలు తీసి గోద్రెజ్ సబ్బు మీద కుంచె తిప్పారు. మొదట బుడగలు, తర్వాత పాలు, ఆ తర్వాత మీగడ. మీగడ దగ్గర ఆపారు. కుంచెతో గడ్డానికి ఎదురుగా రుద్దుతూ పట్టించి, చివర్లో వాలుకి సర్దారు.

ఇప్పుడు విచిత్రం వినండి. వేలమందికి గడ్డాలు చేసిన ఈ మనిషి తన గడ్డం తను ఏనాడూ గీసుకోలేదు. మొదట నాన్నగారు, తర్వాత తోటి పనివాళ్లు, ఇప్పుడు కొడుకు. కాబట్టి మీ వెనక నిలబడి, అద్దంలో మిమ్మల్ని చూస్తూ, గాల్లో చేతులు తిప్పుకుని లెక్కవేసుకుంటున్నారు. ఎదుటివాడి మొహం మీద ఎడమచెయ్యి ఎక్కడుంటుందో ఆయన ఒంటికి తెలుసు. సొంత మొహం మీద ఎక్కడుండాలి?

“తలమీంచి తెండి.”

పటికముక్క తడి చేసి మీ ఎడమచేతి వేళ్లకి రుద్దారు. జారకుండా పట్టు దొరుకుతుంది. ఆ చేతిని తలమీదుగా తెచ్చి, కుడిచెవి ముందు రెండు వేళ్లు ఆనించి, చర్మాన్ని పైకి లాగారు మీరు. ఇంకా లాగండి. చెంప మీద ముడత అన్నది లేకుండా పోవాలి. నిన్నటి బుడగ గుర్తుందా, అంత బిగువు.

కత్తి కుడిచేతిలో. మూడు వేళ్లు మెడ మీద, బొటనవేలు కింద, చిటికెనవేలు తోక మీద. పలకని చెంపకి పూర్తిగా ఆనించండి. చల్లగా తగిలింది. ఇప్పుడు వీపుని, దాని మందానికి ఒకటిన్నర రెండింతలు పైకి లేపండి. సుమారు 30 డిగ్రీలు. ఇంకా లేపితే గీకుతుంది, దించితే వెంట్రుకని లాగుతుంది. కిందికి, వాలుకి, చిన్నగా, అంగుళం.

గర్‌ర్.

చప్పుడు మీ చెవిలో కాదు, దవడ ఎముకలో వినిపించింది. గుల్లపలక ప్రతి వెంట్రుకనీ మోగించి చెబుతుంది. మళ్లీ. నురగ లేచిన మేరా కింద చర్మం తేటగా బయటపడింది. మంట లేదు, రక్తం లేదు. ఊపిరి బిగబట్టారు, వదలండి. నురగని కాగితం ముక్క మీద తుడవండి, వాదరని కాగితానికి అడ్డంగా తిప్పకుండా.

కత్తి పక్కకి జరగకూడదు. ముందుకే. క్షురకత్తితో పడే గాట్లలో ఎక్కువ భాగం పక్కజరుగుడు వల్లే. ఇంకో నియమం ఉంది, అది మాత్రం ఆయన గొంతు పెంచి చెప్పారు: చేతిలోంచి జారితే పట్టుకోబోకండి. పడనివ్వండి. కత్తి పోతే కత్తి కొనుక్కోవచ్చు.

దవడ ఎముక వచ్చింది. ఇక్కడ చెంప మలుపు తిరుగుతుంది, మీ చెయ్యి తిరగలేదు. అలవాటుగా ఎడమచేతి వేళ్లు ఇంకా చెవి దగ్గరే ఉన్నాయి. కింద చర్మం సడలి ఉంది. కత్తి ఆ సడలిన చోట ఓ చిన్న మడతని తోసుకుంటూ వెళ్లింది. నొప్పేం లేదు. తెల్లటి నురగలో గులాబీరంగు చుక్క ఒకటి మెల్లిగా విచ్చుకుంది.

“చూశారా, తెగ్గోసింది కుడిచెయ్యి కాదు” అన్నారు పెద్దాయన. “ఎడంచెయ్యి నిద్రపోయింది.”

చర్మాన్ని దవడ మీదకి లాగారు. మెడ దగ్గర ఉండాల్సిన చోటు ఇప్పుడు ఎముక మీదకొచ్చి, పలకలా అణిగింది. అదే కత్తి, అదే కోణం, ఏ అడ్డూ లేకుండా దిగింది. ఇకనుంచి మీరు కత్తిని చూడటం మానేసి వేళ్లని చూస్తున్నారు. కొట్టులో కూర్చుని గమనించేవాళ్లెవరూ మంగలి రెండోచేతిని పట్టించుకోరు. అందరి చూపూ మెరిసేదాని మీదే. ఆ రెండోచెయ్యి బుగ్గ నొక్కుతుంది, ముక్కుకొస ఎత్తుతుంది, పెదవి సాగదీస్తుంది, తల తిప్పుతుంది. కత్తి దాని వెనక నడుస్తుంది.

ఎడమచెంపకి వచ్చేసరికి పెద్దాయన గాల్లో చేతులు ముడేసుకుని విడదీసుకుని, ఆఖరికి కత్తి ఎడమచేతిలోకి మార్చమన్నారు. చెయ్యి కొత్తది, మెల్లిగా వెళ్లింది. ఆ మెల్లిదనం వల్లే కాబోలు అటు గాటు పడలేదు.

గడ్డం గుంట, మూతి, మెడ ఇవాళ వద్దన్నారు. అక్కడ వెంట్రుక గట్టిది, వాలు సుడులు తిరుగుతుంది. మామూలు రేజరుతో అవి ముగించారు. మొదటి రోజుల్లో చెంపలు చాలు. ఎదురు గీత అయితే ఇప్పట్లో మాటే ఎత్తొద్దన్నారు.

చన్నీళ్లు. తర్వాత పటిక. దవడ దగ్గర చుక్క పెట్టినచోట చురుక్కుమంది, అది మీరు ఊహించిందే. కుడిచెంప మధ్యలో కూడా మండింది. అక్కడ గాటు లేదు. అయినా ఎక్కువ నొక్కారన్నమాట. పటిక దాచదు.

కత్తిని కడిగి, మెత్తటి గుడ్డతో వీపు నుంచి వాదర వైపు తుడిచి, పట్టీ మీద నాలుగు మడతలు వేసి, కుట్టుమిషను నూనె ఓ చుక్క రాసి ముడిచారు. గోదావరి గాలికి కార్బన్ ఉక్కు ఒక్క రాత్రిలో తుప్పుచుక్క పెడుతుంది. తడిబాత్రూములో వదిలేస్తే నిన్న రాతి మీద పడ్డ కష్టమంతా పోయినట్టే.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే రెండు మాటలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, చేతులు వణికేవాళ్లు దీని జోలికి పోకండి. కత్తి ఒకరిదే ఉండాలి, ఇంట్లో అన్నదమ్ముల మధ్యయినా సరే. నూరడం మాత్రం వీడియోలు చూసి కొత్త కత్తి మీద ప్రయోగం చేయకండి. మీ ఊళ్లో పాత సెలూన్లకి వెళ్లి, సొరుగులో సానరాయి ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉన్నారేమో అడగండి. ఉంటే నేర్పమనండి. నేర్పినందుకు డబ్బివ్వండి, గడ్డానికి ఇచ్చే ధర కాదు, మాస్టారికి ఇచ్చే ధర.